ఫెర్గానా లోయ: ఒకే నీరు, మూడు దేశాలు

ఆసియా పటం తీసి మధ్య ఆసియా వైపు ఒకసారి చూడండి. ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ కలిసేచోట సరిహద్దు గీతలు చిక్కుపడిన దారంలా కనిపిస్తాయి. ఒక దేశం నేల నాలుక చాచినట్టు పొరుగు దేశంలోకి చొచ్చుకుపోతుంది. కొన్నిచోట్ల ఒక దేశానికి చెందిన చిన్న ముక్క పూర్తిగా మరో దేశం మధ్యలో ఉంటుంది. ఈ చిక్కు ఎడారిలోనో, మనుషులు లేని మంచుకొండల మీదో ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ అది ఉన్నది మధ్య ఆసియాలోకెల్లా సారవంతమైన, జనం కిక్కిరిసి ఉన్న ఫెర్గానా లోయలో.

2021లోనూ, 2022లోనూ ఇక్కడ జరిగిన సరిహద్దు ఘర్షణల్లో 150 మందికి పైగా చనిపోయారు. 2025 మార్చి 31న మూడు దేశాల అధ్యక్షులు ఖుజంద్ నగరంలో సమావేశమై, తమ మూడు సరిహద్దులూ కలిసే బిందువు ఎక్కడుందో ఒప్పుకుంటూ సంతకాలు చేశారు. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై అప్పటికి 33 ఏళ్లు దాటింది. పటం మీద ఒక బిందువును నిర్ణయించడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందు ఆ కొండల్నీ, నదుల్నీ, కాలువల్నీ తెలుసుకోవాలి. ఆ తరువాత రాజుల సంగతి, ప్రభుత్వాల సంగతి చూడవచ్చు.

కొండల మధ్య గిన్నె

ఫెర్గానా లోయ తూర్పు పడమరలుగా సుమారు 300 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. వెడల్పు ఎక్కువగా ఉన్నచోట 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. విస్తీర్ణం దాదాపు 22,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణ రాష్ట్రంలో ఐదో వంతు. ఉత్తరాన, తూర్పున తియాన్ షాన్ పర్వతశ్రేణులు, దక్షిణాన ఆలై పర్వతాలు దీన్ని చుట్టుముట్టి ఉన్నాయి. పడమట ఖుజంద్ దగ్గర మాత్రం పది కిలోమీటర్ల వెడల్పయినా లేని ఒక వాకిలి ఉంది. లోయకు సహజమైన దారి అదొక్కటే.

తూర్పు నుంచి నరీన్, కారా దర్యా అనే రెండు నదులు వస్తాయి. లోయలో నమన్‌గన్ నగరానికి దగ్గరలో అవి కలుస్తాయి. అక్కడి నుంచి ఆ ప్రవాహానికి సిర్ దర్యా అని పేరు. ఖుజంద్ వాకిలి గుండా బయటపడి రెండువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అది అరల్ సముద్రం వైపు పోతుంది.

ఇక్కడ ఒక వింత గమనించాలి. లోయ అడుగున వాన చాలా తక్కువ. పడమటి భాగంలో ఏడాదికి 100 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. మన అనంతపురంలో కురిసేదానితో పోల్చినా అది ఐదో వంతే. అయినా ఆప్రికాట్లు, ద్రాక్ష, దానిమ్మ, పుచ్చకాయలు, పత్తి, వరి, గోధుమ అన్నీ పండుతాయి. కారణం చుట్టూ ఉన్న కొండలు. చలికాలపు తేమను అవి మంచు రూపంలో పట్టి ఉంచుతాయి. వేసవి రాగానే ఆ మంచు కరుగుతుంది. పైరుకు నీరు కావలసిన నెలల్లోనే నదులు నిండుగా పారతాయి. కొండ మీది మంచే ఈ లోయకు తొలి జలాశయం.

రెండో కారణం నేల. కొండవాగు ఏటవాలు దిగి చదునైన చోటికి రాగానే దాని వేగం పడిపోతుంది. మోసుకొచ్చిన రాళ్లను, ఇసుకను, ఒండ్రును అక్కడ విసనకర్ర ఆకారంలో పరుస్తుంది. విసనకర్ర పిడి దగ్గర బండరాళ్లు, గులకరాళ్లు ఉంటాయి. అంచుకు వచ్చేసరికి మెత్తని ఒండ్రు ఉంటుంది. పైన గులకరాళ్లలోకి ఇంకిన నీరు అంచుల్లో ఊటలుగా మళ్లీ పైకి వస్తుంది. ఫెర్గానా పాత ఊళ్లు చాలావరకు ఇలాంటి విసనకర్రల మీదే పుట్టాయి. దక్షిణాన సోఖ్, ఇస్ఫారా వాగులు పరిచిన విసనకర్రలు ఇందుకు చక్కని ఉదాహరణలు. ఈ వాగుల్లోని నీరంతా పొలాలకే మళ్లిపోవడం వల్ల అవి సిర్ దర్యా దాకా చేరవు.

అంటే ఈ లోయలో వ్యవసాయమంతా కాలువల మీదే ఆధారపడి ఉంది. కాలువ తలవైపున ఉన్నవాడి చేతిలో చివర ఉన్నవాడి పంట ఉంటుంది. మన చెరువుల కింద వంతుల వారీగా నీరు విడిచే నీరటికాడి లాంటి మనిషి అక్కడా ఉండేవాడు. అతణ్ణి 'మీరాబ్' అనేవారు. ఏ ఊరికి ఎన్ని గంటలు నీరు వదలాలో అతను నిర్ణయించేవాడు.

గుర్రాలు, లూసర్న్ గడ్డి, పన్నెండేళ్ల రాజు

ఈ లోయను సంపాదించాలనే ఆశ చాలా పాతది. క్రీ.పూ. 329లో అలెగ్జాండర్ ఈ వాకిలి దగ్గర సిర్ దర్యా ఒడ్డున ఒక కోట నగరం కట్టించాడు. గ్రీకులు దాన్ని 'చిట్టచివరి అలెగ్జాండ్రియా' అన్నారు. నేటి ఖుజంద్ ఆ స్థలంలోనే ఉందని చరిత్రకారుల అభిప్రాయం.

క్రీ.పూ. రెండో శతాబ్దంలో చైనా హాన్ చక్రవర్తి వూ పంపిన రాయబారి జాంగ్ చియెన్ ఇక్కడికి వచ్చాడు. చైనీయులు ఈ దేశాన్ని 'తా-యువాన్' అన్నారు. ఇక్కడి మేలుజాతి గుర్రాల కోసం చైనా సైన్యాలు క్రీ.పూ. 104-101 మధ్య రెండుసార్లు దండెత్తాయి. మొదటిసారి ఓడిపోయి, రెండోసారి గుర్రాలు తీసుకుని వెళ్లాయి. గుర్రాలకు మేపే లూసర్న్ గడ్డి విత్తనాలూ, ద్రాక్ష విత్తనాలూ ఈ ప్రాంతం నుంచే తమ దేశానికి వచ్చాయని చైనా ప్రాచీన చరిత్ర గ్రంథం చెబుతుంది. మన పాడిరైతులు పశువులకు వేసే లూసర్న్ కూడా ఆ మొక్కే.

మన దేశ చరిత్రకు ఫెర్గానాతో సూటిగా సంబంధం ఉంది. మొగల్ సామ్రాజ్య స్థాపకుడు బాబర్ 1483లో ఈ లోయలోని అందిజాన్‌లో పుట్టాడు. తండ్రి ఉమర్ షేక్ మీర్జా 1494లో కొండచరియ అంచున ఉన్న పావురాల గూడు కూలడంతో దానితోపాటు పడి మరణించాడు. బాబర్ పన్నెండో ఏట రాజయ్యాడు. పదేళ్లపాటు బంధువులతోనూ, ఉజ్బెక్ నాయకుడు షైబానీ ఖాన్‌తోనూ పోరాడి ఓడి, 1504లో కాబూల్ చేరుకున్నాడు. 1526లో పానిపట్టు యుద్ధంలో గెలిచాడు. ఫెర్గానా మాత్రం అతనికి మళ్లీ దక్కలేదు.

అతని ఆత్మకథ 'బాబర్‌నామా' ఫెర్గానా వర్ణనతోనే మొదలవుతుంది. పడమర తప్ప అన్నివైపులా కొండలున్న సంగతీ, నదికి దక్షిణాన ఐదు, ఉత్తరాన రెండు పట్టణాలున్న సంగతీ, ఎక్కడ ఏ పండు బాగుంటుందో కూడా అందులో ఉంది. మన కథకు ముఖ్యమైన మాట మరొకటి ఉంది. అందిజాన్ జనం తుర్కీ మాట్లాడతారనీ, ఇస్ఫారా జనం పారశీకం మాట్లాడతారనీ అతను రాశాడు. ఒకే రాజ్యంలో, ఒకే లోయలో ఊరికో భాష! అయిదు వందల ఏళ్ల కిందట అది ఎవరికీ సమస్య కాలేదు. ఎందుకంటే అప్పట్లో భాషను బట్టి రాజ్యాల హద్దులు గీసేవారు కాదు.

పత్తి వచ్చింది

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ లోయలో కోకంద్ రాజ్యం ఏర్పడింది. కోకంద్ ఖానులు పెద్ద కాలువలు తవ్వించి కొత్త భూములు సాగులోకి తెచ్చారు. 1876లో జారు ప్రభుత్వం కోకంద్ రాజ్యాన్ని రద్దుచేసి లోయను రష్యా సామ్రాజ్యంలో కలుపుకుంది.

అంతకు ముందే అమెరికాలో అంతర్యుద్ధం (1861-65) వచ్చి అక్కడి పత్తి ఎగుమతులు ఆగిపోయాయి. ఇంగ్లండు మిల్లులు భారతదేశం వైపు చూశాయి. రష్యా మిల్లులు మధ్య ఆసియా వైపు చూశాయి. 1880ల నుంచి ఫెర్గానాలో పొడుగు పింజ గల అమెరికా రకం పత్తి వేయడం మొదలైంది. 1899లో రైలు అందిజాన్ దాకా వచ్చింది. తిండిగింజలు బయటి నుంచి రావడం, పత్తి బయటికి పోవడం అలవాటైంది. లోయ విలువ ఇప్పుడు బేళ్లలో లెక్కకు వచ్చింది. నీటికి గిరాకీ కూడా అంతకంతకూ పెరిగింది.

భాషను బట్టి గీతలు

1917 విప్లవం తరువాత, 1924లో సోవియట్ ప్రభుత్వం మధ్య ఆసియాను జాతుల వారీగా విభజించింది. ఉజ్బెక్ రిపబ్లిక్ ఏర్పడింది. తజిక్ ప్రాంతం మొదట దానిలో స్వయంపాలిత భాగంగా ఉండి, 1929లో వేరు రిపబ్లిక్ అయింది. ఖుజంద్ అప్పుడే ఉజ్బెక్ నుంచి తజిక్ చేతికి వచ్చింది. అంటే లోయ వాకిలి ఒక రిపబ్లిక్‌కూ, లోయ అడుగు మరో రిపబ్లిక్‌కూ దక్కాయి. తూర్పు అంచులు, దక్షిణపు కొండ పాదాలు కిర్గిజ్ ప్రాంతానికి వెళ్లాయి. అది 1936లో పూర్తి రిపబ్లిక్ హోదా పొందింది.

భాషను బట్టి గీత గీయడం కాగితం మీద తేలిక. ఫెర్గానాలో పట్టణాల్లోనూ, సాగుభూముల్లోనూ ఎక్కువగా ఉజ్బెక్‌లు, తజిక్‌లు ఉండేవారు. కొండ పచ్చికల్లో గొర్రెలు, గుర్రాలు మేపుకునే కిర్గిజ్‌లు ఉండేవారు. కొండవారు గింజల కోసం సంతకు దిగాలి. ఊరివారికి కొండవారి మాంసం, ఉన్ని కావాలి. ఓష్ పట్టణంలో ఉజ్బెక్‌లు ఎక్కువ, చుట్టుపక్కల కొండల్లో కిర్గిజ్‌లు ఎక్కువ. భాషను చూస్తే ఓష్ ఉజ్బెక్‌కు పోవాలి. కానీ అప్పుడు దక్షిణ కిర్గిజ్ ప్రాంతానికి సంతగానీ, పాలనా కేంద్రంగానీ మిగలదు. చివరికి ఓష్ కిర్గిజ్‌కూ, అందిజాన్ ఉజ్బెక్‌కూ ఇచ్చారు.

ఈ గీతలన్నీ మాస్కోలో కూర్చుని కావాలనే చిక్కుగా గీశారని చాలామంది అంటారు. సోవియట్ దస్తావేజులు బయటపడ్డాక చరిత్రకారులు చెబుతున్నది కొంత వేరు. స్థానిక నాయకులు తమ జాతికి ఈ ఊరు కావాలి, ఆ కాలువ కావాలి అని కమిషన్ల ముందు గట్టిగా వాదించారు. భాష, వ్యాపారం, పాలనా సౌలభ్యం అనే మూడు కొలబద్దలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. వాటి మధ్య కుదిరిన రాజీల ఫలితమే మనం పటంలో చూసే చిక్కు.

ఆ రాజీల నుంచి, ఆ తరువాత జరిగిన భూమి మార్పుల నుంచి నేల మీది ద్వీపాలు కొన్ని ఏర్పడ్డాయి. సోఖ్ అనే భూభాగం ఉజ్బెకిస్తాన్‌ది. దాని చుట్టూ ఉన్నది కిర్గిజ్‌స్తాన్. అందులో ఉండే జనం దాదాపు అందరూ తజిక్ భాష మాట్లాడతారు! వోరుఖ్ అనే తజికిస్తాన్ ముక్క కూడా కిర్గిజ్ నేల మధ్యలోనే ఉంది. మనకు ఇలాంటివి కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ మధ్యలో ఉన్న యానాం పుదుచ్చేరిలో భాగం. కానీ యానాం వెళ్లడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. 1991 దాకా సోఖ్ సంగతీ అంతే.

గీతలు చూడని కాలువలు

సోవియట్ ఇంజనీర్లు లోయను ఒకే పొలంగా భావించి పథకాలు వేశారు. 1939లో సుమారు 1,60,000 మంది రైతులు పారలతో, పలుగులతో 45 రోజుల్లో 270 కిలోమీటర్ల పెద్ద ఫెర్గానా కాలువ తవ్వారు. ఇది నరీన్ నీటిని లోయ దక్షిణ భాగానికి, ఉజ్బెక్ నేల మీదుగా తజిక్ పొలాల దాకా తీసుకుపోయింది. 1950లలో తజిక్ భూభాగంలో కైరక్కుమ్ జలాశయం కట్టారు. ఆ తరువాత కారా దర్యా మీద కిర్గిజ్ నేలలో అందిజాన్ జలాశయం వచ్చింది. దాని నీరు మాత్రం ప్రధానంగా ఉజ్బెక్ పత్తికే.

వీటన్నిటికంటే పెద్దది నరీన్ మీద 1970లలో కట్టిన తోక్తోగుల్ జలాశయం. ఎత్తు 215 మీటర్లు. నిల్వ 19.5 ఘన కిలోమీటర్లు, అంటే దాదాపు 690 టీఎంసీలు. మన నాగార్జునసాగర్ కట్టినప్పటి సామర్థ్యం 408 టీఎంసీలు. తోక్తోగుల్ కింద కిర్గిజ్‌ల సారవంతమైన కెత్మెన్-త్యూబె లోయ మునిగిపోయింది. ఒక లోయ మునిగి మరో లోయకు నీరిచ్చింది.

దీని నిర్వహణ ఇలా ఉండేది. చలికాలంలో నీటిని నిల్వ ఉంచాలి, వేసవిలో పత్తికి వదలాలి. చలికాలంలో విద్యుత్తు తక్కువ అవుతుంది గనుక కిర్గిజ్ ప్రాంతానికి పొరుగు రిపబ్లిక్‌లు గ్యాసు, బొగ్గు ఇవ్వాలి. అంతా ఒకే దేశం గనుక లెక్క మాస్కోలో సరిపోయేది.

ఈ అతి సాగుకు రెండు ఫలితాలు కలిగాయి. నీరు పెట్టినకొద్దీ లోయ నడిభాగంలో భూగర్భజలం పైకి వచ్చింది. ఎండకు ఆ నీరు ఆవిరై ఉప్పు నేల మీద మిగిలింది; చౌడు పెరిగింది. మురుగుకాలువలు తవ్వితే తప్ప పంట నిలవని పరిస్థితి ఏర్పడింది. రెండోది మనకు తెలిసిందే. సిర్ దర్యా, ఆము దర్యాల నీరు పొలాలకు మళ్లడంతో 1960 తరువాత అరల్ సముద్రం ఎండిపోతూ వచ్చింది.

గీతలు కంచెలయ్యాయి

1991లో మూడు రిపబ్లిక్‌లు మూడు స్వతంత్ర దేశాలయ్యాయి. పాలనా సౌలభ్యం కోసం గీసిన గీతలు అంతర్జాతీయ సరిహద్దులయ్యాయి. అప్పటికే 1990లో ఓష్ ప్రాంతంలో భూమి తగాదా నుంచి ఉజ్బెక్, కిర్గిజ్ జాతుల మధ్య అల్లర్లు చెలరేగాయి. 2010లో మళ్లీ జరిగిన అల్లర్లలో నాలుగు వందల మందికి పైగా మరణించారు. 1999, 2000 సంవత్సరాల్లో సాయుధ ముఠాలు కొండల గుండా చొరబడడంతో ఉజ్బెకిస్తాన్ సరిహద్దు వెంబడి మందుపాతరలు పెట్టింది. వాటికి కొండ గ్రామాల ప్రజలూ, వారి పశువులూ బలయ్యారు. పొరుగు ఊరి పెళ్లికి వెళ్లాలన్నా తనిఖీ కేంద్రం దాటవలసి వచ్చింది.

రైలు సంగతి చూడండి. ఉజ్బెకిస్తాన్ మొత్తం భూభాగంలో ఫెర్గానా లోయలోని మూడు రాష్ట్రాలది నాలుగు శాతం కంటే కాస్త ఎక్కువ. జనాభాలో మాత్రం నాలుగో వంతుకు మించి అక్కడే ఉంది. ఈ జనానికీ రాజధాని తాష్కెంట్‌కూ మధ్య రైలు మార్గం ఖుజంద్ వాకిలి గుండా, అంటే తజికిస్తాన్ మీదుగా పోయేది. ఆ దేశాన్ని తప్పించడానికి ఉజ్బెకిస్తాన్ కొండను తొలిచి 19 కిలోమీటర్ల సొరంగంతో కొత్త మార్గం వేసింది. అది 2016లో ప్రారంభమైంది.

ఏ గీత అసలైనదన్న వాదం మరో చిక్కు. సోవియట్ కాలంలో పటాలు చాలాసార్లు మారాయి. తజికిస్తాన్ 1924-27 నాటి, 1939 నాటి పటాలను చూపేది. కిర్గిజ్‌స్తాన్ 1958-59 నాటి, 1989 నాటి పటాలను చూపేది. రెండు పటాలకూ మధ్య ఉన్న నేలలో జనం ఇళ్లు కట్టుకుని, ఆప్రికాటు తోటలు వేసుకుని ఉన్నారు.

2021 ఏప్రిల్ చివరలో ఘర్షణ మొదలైనది ఇస్ఫారా వాగు మీద నీటిని పంచే తూముల దగ్గర. అక్కడ నిఘా కెమెరా బిగించే విషయంలో మాటామాటా పెరిగి, రాళ్లు రువ్వుకుని, చివరికి తుపాకులు పేలాయి. 2022 సెప్టెంబరులో పోరు ఇంకా పెద్దదైంది. లక్ష మందికి పైగా ఇళ్లు విడిచి పోవలసి వచ్చింది. సిర్ దర్యా దాకా కూడా చేరని ఒక చిన్న వాగు రెండు దేశాల సైన్యాలను ఎదురెదురుగా నిలబెట్టింది.

పైవారు, కిందివారు

పెద్ద నది మీద తగాదా వేరు. గ్యాసు, బొగ్గు ఉచితంగా రావడం ఆగిపోయాక కిర్గిజ్‌స్తాన్ చలికాలంలో ఇళ్లు వేడి చేసుకోవడానికి తోక్తోగుల్ నీటితో విద్యుత్తు తయారు చేయడం పెంచింది. దాంతో చలికాలంలో దిగువన వరదలు, వేసవిలో కొరత. 1992లో అయిదు మధ్య ఆసియా దేశాలు సోవియట్ కాలపు నీటి వాటాలనే కొనసాగిస్తామని ఒప్పుకున్నాయి. 1998లో సిర్ దర్యా మీద నీటికీ ఇంధనానికీ ముడిపెట్టే ఒప్పందం కుదిరింది. ఆచరణలో ఏటా బేరాలు తప్పలేదు.

కృష్ణా నీటి వివాదం గురించి చదివినవారికి ఇది కొంత అర్థమవుతుంది. అయితే మనకు ఒక రాజ్యాంగం, ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఉన్నాయి. ఫెర్గానా దేశాలకు అలాంటి ఉమ్మడి న్యాయస్థానం లేదు. అవి తమలో తాము మాట్లాడుకోవడం ఒక్కటే దారి.

ఆ దారి 2016 తరువాత తెరుచుకుంది. 2017 సెప్టెంబరులో ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్‌లు తమ సరిహద్దులో సుమారు 85 శాతంపై ఒప్పందం చేసుకున్నాయి. మిగిలిన భాగంపై 2022 నవంబరులో సంతకాలయ్యాయి. అందిజాన్ జలాశయం ఉన్న భూమి ఉజ్బెకిస్తాన్‌కు ఇచ్చి, నీటి నిర్వహణ ఉమ్మడిగా ఉంచి, కిర్గిజ్‌స్తాన్ వేరే చోట భూమి తీసుకుంది. కిర్గిజ్‌స్తాన్‌లో దీన్ని చాలామంది వ్యతిరేకించారు. పలువురిని అరెస్టు చేశారు. 2025 మార్చి 13న కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్‌లు తమ సరిహద్దు ఒప్పందం మీద సంతకం చేశాయి. గీతతో పాటు రోడ్ల వాడకం, నీటి కట్టడాల వాడకం గురించి కూడా అప్పుడు ఒప్పుకున్నాయి. మనం మొదట చెప్పుకున్న ఖుజంద్ సమావేశం ఆ తరువాత పద్దెనిమిది రోజులకు జరిగింది.

ఈ క్రమంలో ఒక పాఠం ఉంది. ఏ పటం పాతది, ఏ పటం కొత్తది అని వాదించినన్నాళ్లూ పని ముందుకు సాగలేదు. పొలానికి నీరు ఎటు నుంచి వస్తుంది, బడికి దారి ఎటు నుంచి ఉంది అని చూసి ఇచ్చిపుచ్చుకున్నప్పుడే గీత తేలింది.

సమస్య తీరిపోయిందని మాత్రం అనలేం. లోయ చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఇప్పుడు కోటిన్నరకు పైగా జనం ఉన్నారు. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ తియాన్ షాన్, ఆలై హిమానీనదాలు తరిగిపోతున్నాయి. మంచు ముందుగానే కరిగితే, పైరుకు నీరు కావలసిన రోజులకు వాగు ఎండిపోతుంది. నరీన్ మీద కంబరాతా-1 అనే మరో పెద్ద ప్రాజెక్టును కలిసి కట్టడానికి కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్‌లు 2023 జనవరిలో ప్రణాళికపై సంతకం చేశాయి. దానిలో నీరు ఎప్పుడు నిలపాలి, ఎప్పుడు వదలాలి అన్నది మూడు దేశాల ఇంజనీర్లు కలిసి తేల్చవలసిన లెక్క.

వైద్యవిద్య కోసం మన తెలుగు విద్యార్థులు కూడా ఇప్పుడు ఓష్ వెళుతున్నారు. వారు చదువుకునే ఊరు ఎందుకు అక్కడుందో, ఎందుకు ఆ దేశంలో ఉందో తెలుసుకోవాలంటే ఆ ఊళ్లో పారే చిన్న వాగు దగ్గర మొదలుపెట్టవచ్చు. దాని పేరు ఆక్-బూరా. అది ఆలై కొండల మంచులో పుట్టి, ఓష్ నడిమధ్యగా పారి, దిగువనున్న పొలాల వైపు పోతుంది.